గొంతెమ్మ కోరికలు, ఒక వేపచెట్టు

“పక్కింటామె తిరుమల పొయ్యుండాది. రేపు సాయంత్రం దాకా రాదు. ఆలోపల మనుషుల్ని తీసుకొచ్చి ఆ వేపచెట్టు తల కొట్టేసి పోతావా అబ్బయా? డబ్బులకు చూసుకోబాకు.”

2025 సంక్రాంతికి వారం ముందు నాకొచ్చిన ఫోన్ ఇది. చేసినాయన నెల్లూరులో వేదాయపాళెం వైపు ఉండే రిటైర్డ్ ఉద్యోగి. మనిషి గుర్తు దొరక్కుండా రెండు మూడు వివరాలు మార్చి రాస్తున్నాను. చెట్టు, కొలతలు, నేను చేసిన తప్పు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నాది చెట్ల పని. కొమ్మలు దించడం, గాలివానకు పడ్డ మానులు తీయడం, ఇళ్ల మీదకు ఒరిగినవాటిని ముక్కలుగా కోసి కిందికి తేవడం. మా నాన్న కొబ్బరిచెట్లు ఎక్కేవాడు. నేను ఆయన మోకుతో మొదలుపెట్టి బెల్టు, పవర్ రంపం దాకా వచ్చాను. పంతొమ్మిదేళ్లయింది. ఈ పనిలో చెట్టుతో వచ్చే తిప్పలు తక్కువే. కింద నిలబడి చూసేవాళ్లతోనే ఎక్కువ. ఒక్కో ఇంట్లో ఒక్కో గొంతెమ్మ కోరిక ఉంటుంది. ఈ ఇంట్లో మాత్రం అన్నీ ఒకేసారి దొరికాయి, అందుకే ఈ కేసు రాస్తున్నాను.

ఫోన్‌లోనే మొదటి జవాబు చెప్పేశాను. చెట్టు ఆమెది. ఆమె ఊళ్లో లేనప్పుడు ముట్టను. కొమ్మలు మీ డాబా మీదకు వచ్చినా మాను ఉన్నది ఆమె దొడ్లో. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పోనీ వచ్చి చూసి పో” అన్నాడు. చూసి పొమ్మన్న మనిషితో బేరం కుదురుతుంది. చూడకుండానే రేటు చెప్పమన్నవాళ్లతోనే నాకు ఎప్పుడూ కుదరలేదు.

ఆమె తిరుమల నుంచి వచ్చాకే, జనవరి 9న వెళ్లాను.

చెట్టు దాదాపు నలభై ఐదు అడుగులు. మాను చుట్టుకొలత ఛాతీ ఎత్తులో ఆరడుగులు. ఆయన ఇంటికి దక్షిణం వైపు, కాంపౌండు గోడకు ఆరడుగుల అవతల ఉంది. ఆయనది కింద ఒక అంతస్తు, పైన ఒకటి. డాబా మీద దక్షిణపు అంచున కొత్త సోలార్ ప్యానెళ్లు ఆరు, మొత్తం మూడు కిలోవాట్లు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద అక్టోబరులో పెట్టించాడు. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉండటంతో ఆ సంవత్సరం నుంచి నాకు ఇలాంటి ఫోన్లు పెరిగాయి. పదేళ్ల కిందట చెట్టు కొట్టమనేవాళ్లు ఆకు రాలుతోందనో, వేరు గోడలోకి వస్తోందనో చెప్పేవాళ్లు. ఇప్పుడు నీడ పడుతోందంటారు. మన ఊరి ఎండల్లో నీడ మీద కంప్లైంటు వస్తుందని ఎవరనుకున్నారు?

ఆయన చెప్పినవి వరసగా రాసుకున్నాను. చెట్టును సగానికి కొట్టాలి. ఒక్క ఆకు కూడా ప్యానెళ్ల మీద పడకూడదు. కరెంటు ఆపకూడదు, ఎందుకంటే ఇంట్లో టీవీలో సీరియల్ టైమవుతుంది. మంగళవారం, శుక్రవారం వద్దు, రాహుకాలం వద్దు. కూలి ఇవ్వడు, కట్టె మేమే తీసుకుపోవాలి. పైగా కట్టె ఖరీదులో మేమే ఎదురు ఎంతో కొంత ఇవ్వాలి. ఇవన్నీ కుదరకపోతే, “వేర్లల్లో పాదరసం పోస్తే చచ్చిపోద్దంట కదా, అదన్నా చెయ్యి.”

పాదరసం మాట నాకు ఏడాదికి నాలుగైదుసార్లు వినపడుతుంది. ఇంగువ కూరమనేవాళ్లు కూడా ఉన్నారు. పక్కవాళ్ల చెట్టుకు విషం పెట్టడం నేను చేసే పని కాదు. పాదరసం భూమిలోకి దిగితే ఆయన బోరు నీళ్లే తాగుతున్నాడని గుర్తుచేశాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

తల కొట్టడం దగ్గర మాత్రం గంటసేపు కూర్చోవాల్సి వచ్చింది. ఆయన వాదన, “కొట్టినా మళ్లీ చిగురిస్తాది కదా” అని. చిగురిస్తుంది, నిజమే. అసలు గొడవ ఆ చిగురుతోనే. లావు కొమ్మను మధ్యలో నరికితే ఆ మోడు చుట్టూ డజను పిలకలు పుడతాయి. మామూలు కొమ్మ పుట్టినప్పటి నుంచే మానులో లోపలికి పాతుకుని ఉంటుంది. ఈ పిలకలు మాత్రం పైపైన, బెరడుకు కొంచెం లోపల అతుక్కుని ఉంటాయి. నాలుగేళ్లలో మళ్లీ అంత ఎత్తూ వస్తాయి, ఈలోగా నరికిన మోడు లోపల పుచ్చుతుంది. పైన బరువు, కింద పుచ్చు.

ఇది ఎవరో చెబితే తెలుసుకున్నది కాదు. 2018లో కావలి దగ్గర ఒక ఇంటివాళ్లు పట్టుబడితే నిద్రగన్నేరు చెట్టుకు నేనే తల కొట్టాను. డబ్బులు బాగా ఇచ్చారు, నేనూ కాదనలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు ఆ పిలకల్లో మూడు ఊడి వాళ్ల స్కూటర్ షెడ్డు మీద పడ్డాయి. మర్నాడు వాటిని తీయడానికి వెళ్లింది నేనే. ఊడినచోట చెయ్యి పెట్టి చూస్తే అతుకు అరచేయంత లోతు కూడా లేదు. ఆ ఫోటో నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. సార్‌కి చూపించాను. ఫోటో చూశాడు కానీ ఒప్పుకోలేదు. “అది నిద్రగన్నేరు, ఇది వేప” అన్నాడు.

ఆ తర్వాత ఇంకో మాట తెచ్చాడు. “ఎట్టా రోగమొచ్చిన చెట్టే గదా, చూడు కొసలన్నీ ఎండిపొయ్యుండాయి.” కొసలు ఎండిన మాట నిజమే. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కాలిపోయినట్టు ఎండిపోయి అందరూ బెంగపడ్డ తెగులే ఇది. శిలీంధ్రం వల్ల కొత్త కొసలు మాడిపోతాయి, టీ దోమ అనే పురుగు రసం పీల్చి ఇంకాస్త పాడుచేస్తుంది. వానాకాలంలో మొదలై చలికాలానికి చెట్టంతా చచ్చినట్టు కనబడుతుంది. ఆ ఏడాది నాకు వచ్చిన ఫోన్లలో సగం చచ్చిన వేప కొట్టాలనే. ఎవరికైనా ఒకటే చెప్పాను, ఉగాది దాకా ఆగండి. ఆగిన ఇళ్లల్లో చాలాచోట్ల చెట్టు మళ్లీ పచ్చబడింది. ఈ చెట్టు దగ్గరకూ ఆయన్ని పిలిచి, ఎండిన కొస కింద మూరెడు దూరంలో బెరడు గోటితో గీరి చూపించాను. కింద పచ్చగా, తడిగా ఉంది. ఆయన కూడా గీరి చూశాడు. రోగం మాట అక్కడితో పోయింది.

వాదించి లాభం లేదనిపించి డాబా మీద ఒక కర్ర నిలబెట్టాను. ఐదడుగుల కర్ర. మధ్యాహ్నం పన్నెండుంపావుకి దాని నీడ మూడు అడుగుల ఎనిమిది అంగుళాలు వచ్చింది, ఉత్తరం వైపుకి. టేపు ఆయన చేతికే ఇచ్చి కొలిపించాను.

ఈ కర్ర లెక్క నెల్లూరులో డాబా ఉన్నవాళ్లందరికీ పనికొస్తుంది. మనం భూమధ్యరేఖకు 14 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉన్నాం. డిసెంబరు చివర సూర్యుడు దక్షిణానికి బాగా దిగిపోతాడు, మధ్యాహ్నం నీడ వస్తువు ఎత్తులో ముప్పావు వంతు దాకా ఉంటుంది. మార్చి మూడో వారానికి అది పావు వంతుకు పడిపోతుంది. ఏప్రిల్ ఆఖరు వారంలో సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకు వస్తాడు, కర్రకు నీడే ఉండదు. అక్కడి నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నపు నీడ అసలు దక్షిణం వైపే పడుతుంది, అంటే ఆ చెట్టు నీడ ఆమె దొడ్లోనే.

ప్యానెళ్లు పాతిక అడుగుల ఎత్తులో ఉన్నాయి. చెట్టు వాటికన్నా ఇరవై అడుగులు పైకి ఉంది. డిసెంబరులో దాని నీడ పదిహేను అడుగులు వస్తుంది, అది ప్యానెళ్ల మీద పడి తీరుతుంది. ఆయన ప్యానెళ్లు పెట్టింది అక్టోబరులో. చూసిందంతా నీడ పెరిగే కాలమే. రోజుకు పన్నెండు యూనిట్లు వస్తాయని చెప్పి అమ్మారు, ఆయనకు వచ్చేవి ఏడు, ఎనిమిది. కడుపు మండటంలో తప్పులేదు.

అయితే డాబా మీద గంట కూర్చుంటే ఇంకోటి కనబడింది. నీడ రెండు రకాలు. ఒకటి చెట్టు ఎత్తు వల్ల వచ్చేది, చలికాలం రెండు నెలలు ఉంటుంది, తర్వాత పోతుంది. రెండోది ఉత్తరం వైపుకి సాగి డాబా అంచు మీదకు వచ్చిన రెండు కొమ్మలది. ఇవి సరిగ్గా ప్యానెళ్ల మీదే ఉన్నాయి కాబట్టి సూర్యుడు నెత్తిమీద ఉన్నా నీడ తప్పదు. ప్యానెళ్లన్నీ ఒకే వరసగా కలిపి ఉంటాయి. ఒక మూల కొమ్మ నీడ పడితే పోయేది ఆ మూల ఒక్కటే కాదు, వరస మొత్తం మందగిస్తుంది. ఆయన ఫోన్‌లోని ఇన్వర్టర్ యాప్‌లో గ్రాఫ్ చూస్తే ఉదయం పదిన్నరకూ మధ్యాహ్నం రెండింటికీ గుంటలు కనిపించాయి. ఆ వేళల్లో ప్యానెళ్ల మీద ఉన్నవి ఆ రెండు కొమ్మల నీడలే.

“ఆ రెండు కొమ్మలు దించితే మీకు మూడొంతులు తిరిగొస్తాయి సార్. మిగిలింది డిసెంబరు, జనవరి నీడ. రోజుకు రెండు యూనిట్లు పోయినా రెండు నెలలకు నూట ఇరవై. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా వెయ్యి దాటదు. దానికోసం చెట్టు సగం నరికితే నాలుగేళ్లకొకసారి నాకు మళ్లీ పదివేలు ఇయ్యాల.”

ఆయన ఉద్యోగంలో లెక్కలు చూసినవాడు. కాగితం తీసుకుని తనే మళ్లీ వేసుకున్నాడు. తల కొట్టే మాట అక్కడ ఆగింది. చెట్టు గొప్పతనం గురించి నేను ఎంత చెప్పినా ఆగేది కాదు.

పక్కింటి పెద్దమ్మ దగ్గరకు నేనొక్కణ్నే వెళ్లాను. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం మంచిదంటారు కానీ, ప్రహరీగోడ మీద పాత గొడవ ఉన్న ఇళ్లల్లో అది పనికిరాదు. ఆ చెట్టు ఆమె భర్త నాటింది. ఉగాదికి వీధి మొత్తం వేపపువ్వు అక్కడే కోసుకుపోతారు. ఏ కొమ్మ, ఎంతవరకు, సుద్దతో గుర్తు పెట్టి చూపించాను. ఆమె అడిగింది ఒక్కటే. “పూత రాకముందే కానిచ్చెయ్ నాయనా.” కాగితం మీద వేలిముద్ర వేయబోతే, సంతకం చేయగలరు కదా అని చేయించాను. చెట్టు మొదలంటా కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన వాల్టా చట్టం 2002 కింద ముందుగా అనుమతి కావాలని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. ఆమెకు ధైర్యం కోసం, ఆయనకు జాగ్రత్త కోసం.

డబ్బుల దగ్గర తొమ్మిదిన్నర వేలు చెప్పాను. ముగ్గురు మనుషులు, అరపూట, ట్రాక్టర్. కట్టె బేరానికి ఒప్పుకోలేదు. వేప కట్టెకు బంగారంలా రేటు వస్తుందని జనం అనుకుంటారు. ఆ రెండు కొమ్మల కట్టెకు చివరికి అడితిలో పన్నెండు వందలు వచ్చాయి, అందులో ట్రాక్టర్ డీజిలు నాలుగు వందలు.

పని జనవరి 22, బుధవారం పెట్టుకున్నాం. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర. అది మాకు భోజనం వేళ కాబట్టి ఆయన కోరికల్లో దీనికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాను.

కరెంటు విషయంలో మాత్రం బెట్టు వీడలేదు. రెండో కొమ్మ కింద నుంచే పెద్దమ్మ ఇంటి సర్వీసు వైరు పోతుంది. “పది నిమిషాల పనికి కరెంటు ఆపేదేంది, తగలకుండా కొట్టలేవా?” అన్నాడు. పచ్చి కొమ్మ నిండా తేమే. అది తీగ మీద వాలితే షాక్ చెట్టెక్కి కోసే మా పనికుర్రాడి దాకా వస్తుంది. రెండు రోజుల ముందే అడిగి, ఆ ఉదయం స్తంభం దగ్గర సప్లై ఆపించాకే చెట్టెక్కించాను. ఆయన సీరియల్ మర్నాడు ఫోన్‌లో చూసుకున్నాడట.

ఆకు పడకూడదన్న కోరికను మొదట నవ్వి కొట్టిపారేశాను కానీ, ఆలోచిస్తే అందులో అర్థముంది. ఆకు పడితే నష్టం లేదు, కొమ్మ పడితే అద్దం పోతుంది. పది అంగుళాల లావు, పది అడుగుల పొడవున్న పచ్చి కొమ్మ నూట యాభై కిలోల దాకా తూగుతుంది. ప్యానెళ్ల మీద పాత పరుపులు, వాటిపైన గోనెపట్టాలు పరిపించాను. తర్వాత కొమ్మను నాలుగడుగుల ముక్కలుగా దించాం.

దించే పద్ధతి ఇదీ. ముందు ముక్కకు తాడు. ఆ తాడు పైన ఇంకో గట్టి కొమ్మ పంగలోంచి కిందికి వచ్చి, మాను మొదట్లో రెండు చుట్లు తిరుగుతుంది. దాని కొస నా చేతిలో. పైన కుర్రాడు కొమ్మ అడుగు నుంచి మూడో వంతు కోస్తాడు. ఇది చేయకపోతే కొమ్మ విరిగేటప్పుడు బెరడు మాను దాకా చీలుకుపోతుంది. ఆ తర్వాత రెండంగుళాలు అవతలగా పైనుంచి కోత. కొమ్మ మూలుగుతుంది, వంగుతుంది, పుటుక్కున తెగి తాడు మీద ఊగుతుంది. ఆ క్షణంలో మాను చుట్టూ ఉన్న తాడు బిగుసుకుని సన్నగా పొగ లేస్తుంది. వేప బెరడు కాలిన చేదు వాసన వస్తుంది. నేను పిడికెడు పిడికెడు వదులుతుంటే ముక్క గోడకు తగలకుండా దొడ్లోకి దిగుతుంది. ఆఖరి కోత మాను దగ్గర, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడను వదిలిపెట్టి. ఆ మెడను కోస్తే గాయం మూసుకోదు.

నేను చేసిన తప్పు ఇక్కడే.

మొదటి కొమ్మ దిగింది. నేను వంగి తాడు ముడి విప్పుతున్నాను. సార్ డాబా మీద నిలబడి, పైన ఉన్న కుర్రాడితో నేరుగా మాట్లాడుతున్నాడు. “ఎట్టా పైకెక్కినావు కదబ్బా, ఆ పక్కది గూడా కొట్టెయ్. మీ అన్నతో చెప్పినాలే.” నాతో ఏమీ చెప్పలేదు. కుర్రాడు పంతొమ్మిదేళ్లవాడు. పెద్దాయన చెప్తే వింటాడు. రంపం శబ్దం విని తలెత్తేసరికి మూడో కొమ్మ, మణికట్టంత లావుది, సుద్ద గుర్తు లేనిది, సగం తెగిపోయి ఉంది. ఆపినా మిగలదు. దించేయమన్నాను.

ఆ కొమ్మ నీడ పడేది గోడ పక్కన పెద్దమ్మ అంట్లు తోముకునే తొట్టి మీద. ఆమె వంటింటి గుమ్మంలోంచి చూసింది. అరవలేదు. “గీత గీసి చూపించావు కదా నాయనా” అంది. నాకు తల కొట్టేసినట్టయింది. సార్ వైపు చూస్తే ఆయన పరుపులు సర్దుతున్నట్టు నటిస్తున్నాడు.

మధ్యాహ్నం రాహుకాలంలో అన్నం తింటూ ఆలోచించాను. ఆయన మీద కోపం వచ్చిన మాట నిజం. కానీ కుర్రాడికి నేను చెప్పాల్సింది చెప్పలేదు. అప్పటి నుంచి మాకు ఒక పద్ధతి. పైన ఉన్నవాడు నా గొంతు, నా చెయ్యి తప్ప ఇంకెవరి మాటా వినడు. ఇంటాయన మాట్లాడటం మొదలుపెడితే రంపం ఆపేసి కూర్చుంటాడు. పని మొదలుపెట్టే ముందే ఇంటివాళ్ల ఎదుట ఈ మాట గట్టిగా చెబుతాను. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనీ.

పెద్దమ్మ తొట్టి మీద నాలుగు గుంజలు పాతి గ్రీన్ నెట్ కట్టించాను. ఏడు వందలు నా చేతిది. సార్‌ని అడగలేదు. అడిగి ఉండాల్సిందేమో. ఆ ఏడు వందల మీద మా ఇంట్లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి.

సాయంత్రం ఆయన ఆఖరి కోరిక, కోసినచోట తారు పూయమని. అది కూడా చేయలేదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల మానులు నిలువునా కోసి చూసి చెప్పిన సంగతి, చెట్టు గాయాన్ని మనలా మాన్పుకోదు, దాని చుట్టూ లోపల గోడ కట్టి మూసేస్తుంది. తారు పూస్తే ఆ గోడకు ఉపయోగమేమీ లేదు, కింద తేమ నిలుస్తుంది. తారు డబ్బా డబ్బులు మిగిలాయి కదా అంటే ఊరుకున్నాడు.

తొమ్మిదిన్నర వేలల్లో ఐదు వందలు తగ్గించి ఇచ్చాడు. ఎందుకని అడిగితే, “ఆకులు పడినాయి కదా” అన్నాడు. నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. డబ్బులు మాత్రం ఇవ్వలేదు.

ఉగాది మార్చి 30న వచ్చింది. వేపపువ్వుకని వెళ్లినట్టే వెళ్లి రెండిళ్లూ చూశాను. చెట్టు నిండా కొత్త ఆకు, పూత. ఎండిన కొసల కింద నుంచి ఎర్రటి చిగుళ్లు. కోతల చుట్టూ సన్నటి కణజాలం అంచు కట్టడం మొదలుపెట్టింది. డాబా మీద నా కర్ర ఇంకా అక్కడే ఉంది, సార్ దాన్ని ఇటుకల మధ్య నిలబెట్టి వారం వారం కొలుస్తున్నాడట. ఆ రోజు నీడ పదకొండు అంగుళాలు. యాప్‌లో పన్నెండు యూనిట్లు. ఆ సంగతి పక్కింటి అరుగు మీద కూర్చుని పెద్దమ్మకు కూడా చెప్తున్నాడు. గోడ గొడవ ఎక్కడిదక్కడే ఉందిట.

మే ఆఖరున, రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండింటికి మళ్లీ ఫోన్.

“అబ్బయా, పైగదిలో మంట పుడతా ఉండాది. ఏసీ వేసినా చల్లబడలా. ఆ కొమ్మలు మళ్లా ఎన్నాళ్లకి వస్తాయి? తొందరగా వచ్చేటట్టు ఏదన్నా ఎరువు ఉండాదా?”

“ఎరువు లేదు సార్. పెద్దమ్మకు కట్టిన నెట్టు ఉంది. ప్యానెళ్ల ఇవతల కడితే గది మీద నీడ పడుద్ది. ఏడు వందలు.”

“ఆమెకి ఉచితంగా కట్టినావంట కదా?”